మూడో స్లైడులో అమ్మ

మా ఆఫీసులో ఇద్దరు కొత్తవాళ్లు చేరారు. వాళ్లకు కుర్చీ అక్కర్లేదు, టీ అక్కర్లేదు, మేనమామ కూతురి పెళ్లని సెలవు అడగరు. ఇద్దరూ ఏఐ ఏజెంట్లు. కంపెనీ తరఫున బయటికి వెళ్లే ప్రతి ప్రెజెంటేషనులోనూ రంగులు, అక్షరాలు, బొమ్మలు, మాటలు మా బ్రాండు పద్ధతిలోనే ఉన్నాయో లేదో చూడటం ఒకదాని పని. ఆ ప్రెజెంటేషన్ ఎవరు తెరవచ్చు, ఎంతకాలం తెరవచ్చు, ఎప్పుడు తాళం పడాలి అన్నది రెండోదాని పని. మొదటిదానికి మేం మామియార్ అని పేరు పెట్టాం. అరవంలో అత్తగారన్న మాట. ఏం చేసినా వంక పెడుతుంది కనుక ఆ పేరు అతికినట్టు సరిపోయింది. రెండోదాన్ని వాచ్‌మన్ అనేవాళ్లం.

విరుదునగర్ బస్టాండు నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, మిరపకాయల గోడౌన్ల పక్కన మా ఆఫీసు. పల్లీపట్టీ, నువ్వులుండలు డబ్బాల్లో పెట్టి దేశదేశాలకు అమ్మే కంపెనీ మాది. సరుకు తయారయ్యేది మాత్రం కోవిల్‌పట్టిలో, ఇళ్ల వెనక వేసుకున్న షెడ్లలో. అలాంటి షెడ్డు ఒకటి మా ఇంటి వెనకే ఉంది. అందులో బెల్లం పాకం పట్టేది మా అమ్మ. నేను పొద్దున్నే బస్సెక్కి సాత్తూరు మీదుగా విరుదునగర్ వెళ్లి, అమ్మ చేసిన పట్టీ గురించి స్లైడ్లు తయారుచేసి, సాయంత్రానికి మళ్లీ ఆ పాకం వాసనలోకి తిరిగొచ్చేదాన్ని. బతుకంతా ఒకే పట్టీ చుట్టూ తిరుగుతోందని నాయన నన్ను ఆటపట్టించేవాడు.

ఆ రెండు యంత్రాలను తిట్టడానికే ఇది రాయడం మొదలుపెట్టాను. కానీ అబద్ధమాడి తిట్టలేను. అవి రాకముందు మా స్లైడ్ల సంగతి చెప్పుకుంటే సిగ్గుపోతుంది. అమ్మకాలవాళ్లు ఎవరికి తోచిన రంగు వాళ్లు పులిమేవాళ్లు. ఒకాయన కంపెనీ గుర్తును పక్కలకు సాగదీసి వాడేవాడు, ఇంకొకాయన ప్రతి స్లైడు అంచునా గులాబీలు పెట్టేవాడు. ఒక బేరగాడికని చేసింది వాట్సాప్‌లో ఊరంతా తిరిగేది. చివరికి మా యజమాని బెంగళూరులో ఒక మీటింగుకి వెళితే, ఇంకా బయటపెట్టని మా కొత్త సరుకు ప్రెజెంటేషన్‌ని అవతలివాడే ఆయనకు తెరిచి చూపించాడట. తిరిగొచ్చిన మర్నాడే ఈ ఏజెంట్ల మాట మొదలైంది. అవి వచ్చాక నా తలనొప్పి సగం తగ్గింది. అందరికంటే ఎక్కువ సంతోషించింది నేనే.

ఇక మూడో స్లైడు సంగతి. కంపెనీ ప్రెజెంటేషనులో మూడో స్లైడు మా అమ్మ. షెడ్డులో పాకం పడుతుండగా నేనే ఫోనుతో తీసిన వీడియో అది. అమ్మ గరిటెతో కాస్త పాకం ఎత్తి నీళ్ల గిన్నెలో వేస్తుంది, గట్టిపడిన ముక్కను గిన్నె అంచుకు కొట్టి చప్పుడు వింటుంది, ఇంకొంచెం ఉండాలన్నట్టు తల అడ్డంగా ఊపుతుంది. అంతలో నా మీద విసుక్కుంటుంది.

“పాపా, ఆ ఫోను అవతల పెట్టి పల్లెం ఎత్తుకో. పాకం నీకోసం నిలస్తాదా? నువ్వు బొమ్మ తీసే లోపల ఇది రాయైపోతాది పో!”

అని, తన మాటకు తనే నవ్వుతుంది. తర్వాత పల్లీలను దోసిట్లో ఎత్తి చూపిస్తుంది. “ఇది నరికుడి పక్కనించి వచ్చిన కాయ. వాన లేని ఊరిది. చిన్నదిగా ఉండాది గాని, నల్లా తీపి.” నల్లా అంటే అరవంలో బాగా అని.

ఆ వీడియో ఎంత అరుదైనదో అప్పుడు నాకు తెలియదు. అమ్మకు కెమెరా అంటే బయటి మనిషి. ఎవరైనా ఫోను ఎత్తగానే కొంగు భుజం మీదికి లాక్కునేది, నడుం నిటారుగా పెట్టేది, నోట్లోంచి అరవం వచ్చేది. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే అరవం. తరాల కిందట ఈ అరవనాటికి వచ్చి స్థిరపడ్డ మా తెలుగువాళ్ల ఇళ్లన్నిటా ఇదే పద్ధతి. చిన్నప్పుడు బస్సులో నేను గట్టిగా తెలుగులో ఏదైనా అడిగితే అమ్మ నా మోకాలు గిల్లేది. “బైట అరవం మాట్లాడు. నలుగురు చూస్తుండారు” అని చెవిలో చెప్పేది, అదీ తెలుగులోనే. ఆ రోజు షెడ్డులో ఫోను వెనక ఉన్నది నేను కాబట్టి, పాకం ముదిరిపోతోంది కాబట్టి, అమ్మ ఆ పద్ధతి మరిచిపోయింది.

మా యజమాని కూడా మావాళ్లే. కరిసల్ అనే నల్లరేగడి నేలలో పత్తి, సజ్జలు పండించుకున్న కుటుంబం, ఇంట్లో తెలుగు. ఆ వీడియో చూసి పగలబడి నవ్వాడు. “అచ్చం మా అవ్వ తిట్టినట్టే ఉండాది. దీన్ని తీయొద్దమ్మా” అన్నాడు. అమ్మ మాటల కింద అరవంలోనూ ఇంగ్లీషులోనూ అర్థం రాసి అలాగే ఉంచేశాం. హైదరాబాదు బేరగాళ్లు కూడా ఆ తెలుగు విని ముచ్చటపడ్డారు. పాతకాలపు మాట అన్నారు.

ఏజెంట్లను పెట్టుకునేటప్పుడు వాటికి నియమాలు చెప్పాలి. ఏ రంగులు, ఏ అక్షరాలు, ఏయే భాషలు. భాషల దగ్గరికొచ్చేసరికి యజమాని ఫోనులో ఇంకెవరితోనో మాట్లాడుతూనే నావైపు తిరిగి, “అరవం, ఇంగ్లీషు చాలమ్మా. వడక్కు, ఆ ఉత్తరాదికి పోయేదానికి హిందీ. బైటికి తెలుగు ఏంటికి?” అన్నాడు. ఆ మాట ఆయన ఆలోచించి అన్నది కాదు. మా అమ్మ అనే మాటే, ఆయన అవ్వా అని ఉంటుంది. మేమందరం పుట్టినప్పటి నుంచి వింటున్నదే కాబట్టి ఆయనకీ నాకూ మూడో స్లైడు గుర్తుకు రాలేదు. చాలాకాలం మామియార్ కూడా వీడియోల జోలికి పోలేదు, రంగులతోనే దానికి తీరిక లేకపోయింది.

ఒక పొద్దున షెడ్డులో అమ్మ చేతిలోంచి గరిటె జారిపోయింది. నాయన ఏమైందని అడిగితే జవాబు లేదు. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. మదురై ఆసుపత్రికి తీసుకెళ్లాం. నేను సెలవు పెట్టి అమ్మ మంచం పక్కనే ఉండిపోయాను. అమ్మ కళ్లు మమ్మల్ని గుర్తుపట్టేవి, నీళ్లు కావాలంటే చూపుతో చెప్పేది. నోరు తెరిచేది, గాలి వచ్చేది, మాట వచ్చేది కాదు. రాకపోతే ఎడం చేత్తో మంచం కొట్టేది. ఆ చప్పుడు వినలేక నేను వరండాలోకి వెళ్లి నిలబడేదాన్ని.

ఇంటికి పంపేముందు మాటలు నేర్పే డాక్టరమ్మ వచ్చింది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగింది. తెలుగని చెప్పాను. కాస్త ఆలోచించి, “నాకు ఆ భాష రాదు. కానీ ఆమె గొంతుతో ఆమె మాట్లాడిందే ఏదైనా ఉందా? రోజూ వినిపించండి. కొందరిలో తమ గొంతు విని, దాని వెంట పడి, ఒక్కొక్క మాటా వెనక్కి వస్తుంది” అంది.

నాకు వెంటనే మూడో స్లైడు తట్టింది. మదురై వెళ్లాక మొదటిసారి నాకు ఊపిరాడింది. అది తప్ప మరొకటి లేదని కూడా అప్పుడే లెక్క తేలింది. అమ్మది బటన్ల ఫోను, గొంతు రికార్డు చేసి పంపడం ఎరగదు. పెళ్లి వీడియోల్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెనక నిలబడి ఉంటుంది, లేదంటే అరవంలో అందరినీ పలకరిస్తూ ఉంటుంది. నేను తీసిన అసలు వీడియో కంపెనీ దగ్గర చేరాక, ఎవరి సొంత ఫోనులోనూ కంపెనీ బొమ్మలు ఉండకూడదని వాచ్‌మన్ తుడిపించేసింది. పోతే పోయింది, ఆఫీసులో పదిలంగా ఉంది కదా అనుకున్నాను. ప్రెజెంటేషన్ ఆఫీసు కంప్యూటరులో తప్ప తెరుచుకోదు. అమ్మను ఇంటికి చేర్చిన మర్నాడే విరుదునగర్ బస్సెక్కాను.

మూడో స్లైడు తెరిచాను. అమ్మ ఉంది, షెడ్డు ఉంది, పొయ్యి మీద పాకం ఉడుకుతోంది. అమ్మ పెదాలు కదిలాయి. మాట మాత్రం ఎవరో పడుచు మనిషిది, పాలిష్ పెట్టిన అరవం. “ఎంగళ్ పారంబరియం, ఎంగళ్ తరం.” మా సంప్రదాయం, మా నాణ్యత. పాకం రాయైపోతుందని అమ్మ నన్ను తిట్టే చోట ఆ మనిషి పరిశుభ్రత గురించి చెబుతోంది. అమ్మ నవ్వే చోట వీణ వాయించారు. ఇయర్‌ఫోన్లు తీసి పక్కన పెట్టి, మళ్లీ పెట్టుకుని విన్నాను. అదే వచ్చింది.

నేను సెలవులో ఉన్న ఆ వారాల్లో విదేశాల్లో ఒక పెద్ద ఎగ్జిబిషనుకి తయారీ జరిగింది. మామియార్‌కి వీడియోలు కూడా అప్పగించారు. అది పాత స్లైడ్లన్నీ జల్లెడ పట్టి, మార్పులన్నీ మూటగట్టి, సరేనా అని అడిగింది. మామూలుగా ఆ ప్రశ్న నా దగ్గరికి వస్తుంది. నేను లేను కాబట్టి మేనేజరు దగ్గరికి వెళ్లింది. ఆయన మంచివాడే, మదురైకి ఫోను చేసి అమ్మ ఎలా ఉందని అడుగుతుండేవాడు కూడా. వందల మార్పులు వచ్చిపడితే అన్నిటికీ కలిపి సరే అన్నాడు.

మూడో స్లైడుకి ఏం చేశావని మామియార్‌ని అడిగాను. దాని నివేదిక తెర మీదికి వచ్చింది. ఆమోదించిన భాషల్లో లేని మాటలు వినిపించాయి. తమిళం కావచ్చు, తెలుగు కావచ్చు, భాష ఏదో నిర్ధారణ కాలేదు. బ్రాండు స్వరంతో మార్చబడింది. ఇంతే రాసింది. మా అమ్మ భాష ఏదో తేలలేదట. పుట్టిన దగ్గర్నుంచీ నేను విన్న మాట, నన్ను బువ్వకు పిలిచిన మాట! కంప్యూటరు ముందు కూర్చుని అందరూ చూస్తుండగా ఏడ్చాను. ఎవరూ దగ్గరికి రాలేదు, ఎందుకు ఏడుస్తున్నానో ఎవరికీ తెలియదు.

పాతది ఇవ్వమని వాచ్‌మన్‌ని అడిగాను. పాత ప్రతులు బయటికి పొక్కకుండా గడువు తీరాక శాశ్వతంగా చెరిపేస్తామని, ఆ గడువు తీరిపోయిందని మర్యాదగా చెప్పింది. మేం పంపిన లింకులన్నీ కొత్త ప్రతికే తిరిగాయని, ఎవరి దగ్గరా పాతది మిగల్లేదని కూడా చెప్పింది. ఒకప్పుడు ఏ పనికోసం దాన్ని తెచ్చుకున్నామో ఆ పని ఎక్కడా చిన్న సందు లేకుండా చేసింది. నాకు దాని మీద కోపం కూడా నిలబడలేదు. కోపానికి ఎదుట ఒక మనిషి ఉండాలి కదా.

యజమాని గదిలోకి వెళ్లి చెప్పాను. “నేనే కదమ్మా చెప్తిని, బైటికి తెలుగు ఏంటికని” అన్నాడాయన. ఆ సాఫ్ట్‌వేరు అమ్మినవాళ్లకు నా ఎదుటే ఫోను చేసి అరవంలో అరిచాడు, ఇంగ్లీషులో బతిమాలాడు. వాళ్లు వెతికి, లేదన్నారు. కావాలంటే అమ్మ గొంతును మళ్లీ తయారుచేసి ఇస్తాం, కాసేపు ఆమె మాట్లాడినది పంపండి అన్నారు. అదే ఉంటే నేను వాళ్లనెందుకు అడుగుతాను?

హైదరాబాదు బేరగాళ్ల ఆఫీసులో ఒకామెకు ఆ వీడియో చాలా నచ్చిందని గుర్తొచ్చి ఆమెకూ ఫోను చేశాను. “అయ్యో, ఆ పెద్దావిడా! పాకం రాయైపోతాది పో అంటారు కదండీ! మా అత్తగారికి చూపిద్దామని రికార్డు చేయబోయానండీ. తెరంతా నల్లగా అయిపోయింది, ఏమీ పడలేదు” అంది. రికార్డు చేయనివ్వకపోవడం కూడా వాచ్‌మన్ పనే. ఆమె నోట అమ్మ మాట ఒక్కటైనా విన్నాను. థాంక్స్ చెప్పి పెట్టేశాను.

నాయనకు చెప్పడానికి భయపడ్డాను. ఆయన విని, “బొమ్మైనా ఉండాది కదా. ఎత్తుకుని రా. మీ అమ్మ ఏమి చెప్పినాదో మనకి తెలీదా? మనమే చెప్దాం” అన్నాడు. యజమాని చెప్పగా వాచ్‌మన్ నా పేరు మీద ఒక్క సాయంత్రానికి తాళం తీసింది. ఆఫీసు ల్యాప్‌టాపు ఒళ్లో పెట్టుకుని కోవిల్‌పట్టి వచ్చాను.

అమ్మను ముందుగదిలో గోడకు దిండు వేసి కూర్చోబెట్టాం. సౌండు తీసేసి వీడియో పెట్టాను. అమ్మ తెరను చూసింది, తన పొయ్యిని చూసింది. నాయన పక్కన కూర్చుని అమ్మ పెదాలు కదలగానే అందుకున్నాడు. “పాపా, ఆ ఫోను అవతల పెట్టి తట్టు ఎత్తుకో...”

“పల్లెం అనింది నాయనా.”

“మన ఇంట్లో పల్లెం ఎవరమ్మా అంటారు? తట్టే కదా.”

ఇది రాస్తున్న తెలుగు అక్షరాలు నేను పెద్దయ్యాక పుస్తకాలు పెట్టుకుని నేర్చుకున్నవి. పల్లెం ఆ పుస్తకాల్లోంచి నాకు అంటుకున్న మాటేమో. అమ్మ ఏమందో తేల్చి చెప్పడానికి ఇక ఎవరూ లేరు. పైన అమ్మ మాటలని నేను రాసినవి కూడా ఎంతవరకు ఆమెవో, ఎంతవరకు నావో నాకే తెలియదు.

వీడియో మళ్లీ పెట్టాం. అమ్మ పెదాలు తొందర తొందరగా కదిలేవి, నాయన వెనకబడిపోయేవాడు. మళ్లీ మొదటి నుంచి పెట్టమనేవాడు. అమ్మ ఆయన వంక ఒకసారి, తెర వంక ఒకసారి చూసి విసుగ్గా ముఖం తిప్పుకుంది. నాయనకు ఉక్రోషం వచ్చింది. “ఆ సౌండు పెట్టు. ఎవరి గొంతైనా పరవాలేదు, కొంజం వినని” అన్నాడు. పెట్టాను.

పడుచు గొంతు అరవంలో మొదలుపెట్టింది. ఎంగళ్ పారంబరియం. అమ్మ ఉలిక్కిపడింది. ఎడం చెయ్యి మెల్లగా లేచింది. జారిన కొంగును కుడి భుజం మీదికి లాక్కుంది. దిండు మీద నుంచి నడుం ఎత్తి, నిటారుగా కూర్చోవడానికి చూసింది. తెర మీద ఉన్న తనకేసి చూసి, తల కొంచెం వంచి, “వాంగ” అంది. స్పష్టంగా అంది. అరవంలో రండి అని, ఇంటికొచ్చిన పైవాళ్లను వాకిట్లో పలకరించే మాట.

“మాట వచ్చె! మాట వచ్చె పాపా!” అని నాయన లేచి చేతులు జోడించాడు. నేను అమ్మను కరచుకున్నాను. డాక్టరమ్మకు ఫోను చేస్తే ఆమె కూడా సంతోషించింది, ఇక ఒక్కొక్కటే వస్తాయని చెప్పింది. ఆ సాయంత్రం మా ఇంట్లో పండగలాగే ఉంది.

డాక్టరమ్మ చెప్పినట్టే మాటలు వచ్చాయి. వాంగ వచ్చింది. ఉక్కారుంగ వచ్చింది, కూర్చోండి అని. సరింగ వచ్చింది, సరేనండి అని. మరింకేవీ రాలేదు. బయటివాళ్ల కోసం అమ్మ వాడే మర్యాద మాటలే అన్నీ. ఇంట్లో మాట్లాడిన భాషలోంచి ఒక్క ముక్కా రాలేదు. ఎందుకని అడిగితే డాక్టరమ్మ, అలవాటుగా అనే మాటలు ఒక్కోసారి మిగులుతాయి, మిగతావి రావచ్చు, రాకపోవచ్చు అంది. ఈమధ్య రావచ్చు అనడం కూడా మానేసింది. నాకూ ఆశ లేదు. ఉందని నాయన ముందు నటిస్తాను, ఆయన నా ముందు నటిస్తాడు.

ఎగ్జిబిషను బాగా జరిగింది. మూడో స్లైడు అందరికీ నచ్చిందట. అది ఇప్పటికీ అలాగే ఉంది, తీసేయమని అడగడానికి నాకు మనసు రాలేదు. అమ్మ చేతులు చకచకా పనిచేస్తూ కనబడేది అందులోనే. షెడ్డు మూసేశాం.

సాయంత్రం బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి అమ్మ వాకిలికి ఎదురుగా మంచం మీద కూర్చుని ఉంటుంది. నన్ను చూడగానే ఎడం చేత్తో కొంగు భుజం మీదికి లాక్కుంటుంది. “వాంగ” అంటుంది.

“అమ్మా, నేనమ్మా. పాపను” అంటాను.

అమ్మ తల ఊపుతుంది. మర్యాదగా కుర్చీ చూపిస్తుంది. “ఉక్కారుంగ.”

చెప్పులు వాకిట్లో విడిచి, లోపలికొచ్చి, ఆ కుర్చీలో కూర్చుంటాను.